లాభం, రెండు, మూడు

గోదాములో తొమ్మిది బస్తాలు ఎక్కువున్నాయి.

కాటా అక్క మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. వరసకొక్కసారి వేలు ఆనించి, పెదాలు కదుపుతూ గోడ దాకా వెళ్ళి వచ్చింది. పలక మీద రాసుకున్న అంకెతో సరిచూసింది. తొమ్మిది. ఒక్కటీ తగ్గలేదు.

తగ్గి ఉంటే ఇంత భయం వేసేది కాదు. బస్తాలు పోతే దొంగని వెతకచ్చు. పెరిగితే ఎవరిని వెతకాలి? ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? “అయ్యా, మా గోదాములో ఎవరో సరుకు పెట్టిపోయారు” అంటే, పోలీసులు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని ఇంట్లో వాళ్ళకి ఫోన్ చేస్తారు.

ఆ గోదాము కాఫీ రైతుల సంఘానిది. సంఘం గింజలకి ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉంది. ఆ ముద్ర ఉన్నంతకాలం బజారు ఎంత పడిపోయినా రైతుకి రావలసిన ధర ఒక మట్టం కన్నా కిందకి దిగదు. షరతు ఒక్కటే. సభ్యుల తోటల్లో పండిన గింజ తప్ప మరొకటి ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వస్తే దాన్ని బయటి సరుకు అంటారు. బయటి సరుకు దొరికిన సంఘానికి ముద్ర ఉండదు.

గోదాము కాపలా, తూకం రెండూ ఆమెవే. అందుకే ఆ పేరు. మొగుడు కూడా కోపం వచ్చినప్పుడు ‘కాటా’ అనే పిలుస్తాడు, అప్పుడు మాత్రం అక్క ఉండదు.

నిన్న సాయంత్రం జరిగింది ఆమె మళ్ళీ గుర్తు చేసుకుంది. కళ్లంలో ఎండిన గింజలు బస్తాలకెత్తి, దబ్బనంతో మూతులు కుట్టడం అయ్యింది. ఎవరివి ఎన్నో అడిగి పలక మీద రాసుకుంది. ఇక కాటా ఎక్కించడమే తరువాయి అనుకుంటుండగా వాన విరుచుకుపడింది. ఆడా మగా అందరూ ఖాళీ గోనెసంచిని మడిచి తలమీద ముసుగులా కప్పుకుని, బస్తాలు మోసుకొచ్చి లోపల పడేశారు. ఆ గోనెల కింద ఎవరు ఎవరో మొహం కనపడలేదు. తూకం రేపు చూద్దాం అనుకున్నారు. ఆ రేపు ఇవాళే. ఇవాళే సంఘానికి అప్పిచ్చే నిధి నుంచి మేడమ్ కూడా వస్తోంది.

కాటా అక్క ఫోన్ తీసింది.

“వదినా, ఉన్నదానివి ఉన్నట్టు గోదాముకి రా.”

“ఎన్ని పోయాయి?” అంది అవతలి గొంతు.

“పోలేదు. పెరిగాయి.”

“ఏమే, పొద్దున్నే నాతో ఎగతాళా?”

“ఎగతాళైతే బావుండు. రా.”

వదిన అంటే కాటా అక్క మొగుడికి పెద్దక్క. సంఘానికి ప్రెసిడెంటు. స్కూటరు గుమ్మంలోకి దాదాపు ఎక్కించేసి దిగింది. జడ సగమే అల్లుకుంది, మిగతా సగం భుజం మీద ఉంది. విషయం విని బస్తా మీద కూలబడింది.

“షావుకారు పని,” అంది.

“ఏ ఆధారంతో?”

“ఆధారం ఏమిటే, వాడి మొహం చాలదూ? టీ కొట్టు దగ్గర కూర్చుని నెల నుంచీ అంటున్నాడు కదా, ఈ సంఘం వచ్చే కోత చూడదని. బయట చవగ్గా కొన్న సరుకు తెచ్చి వానలో మన మధ్యన తోయించాడు. మేడమ్ వచ్చాక ఎవడి చేతో చెప్పిస్తాడు. ముద్ర పోతుంది. మనం వాడి గుమ్మం ముందు నిలబడి, అయ్యా నీ రేటుకే తీసుకో అని బతిమాలుకోవాలి.”

అందులో కొట్టిపారేయడానికి ఏమీ లేదు.

కిందటేడు బజారు కుప్పకూలినప్పుడు సంఘం అందరి గుమ్మాలూ ఎక్కి దిగింది. అంతకుముందు పిలిచి కూల్‌డ్రింకు ఇచ్చే బ్యాంకు మేనేజరు, వీళ్ళని చూడగానే భోజనానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. పదకొండింటికి వెళ్ళినా భోజనమే. సరుకు కొనే కంపెనీ ఇంకో మూడు నెలలు ఆగమంది. కోత కూలీ ఆగదు కదా. పండు కొమ్మ మీద ఆగదు కదా. అంతకుముందు నుంచీ అప్పిస్తున్న నిధి ఒక్కటే అప్పుడు చెయ్యి వదల్లేదు. ఎక్కడో పట్నంలో చిన్న చిన్న జీతాలవాళ్ళు తలా కొంత వేసుకున్న డబ్బు అది. ముఖాలు కూడా తెలియని రైతులకి పంట రాకముందే అప్పు ఇచ్చారు. పంట అమ్ముడయ్యాకే తీసుకున్నారు. ఈ ఏడు మొదటి వాయిదా వచ్చింది, కోత మొదలయ్యింది. రెండో వాయిదా ఇవాళ మేడమ్ గోదాము చూసి సరేనంటేనే వస్తుంది. రాకపోతే ఎల్లుండి నుంచి తోటల్లోకి కూలీలు రారు.

“నేను చెప్పింది విను,” అంది వదిన లేస్తూ. “ట్రాక్టరు పిలుస్తాను. ఆ తొమ్మిదీ మా పెరట్లో టార్పాలిను కింద దాచేద్దాం. మేడమ్ వచ్చి, చూసి, కాఫీ తాగి వెళ్ళిపోతుంది. తర్వాత ఆలోచిద్దాం.”

“ఏ తొమ్మిది, వదినా?”

“అంటే?”

“ఏవి మనవో ఏవి కావో ముందు తెలియాలిగా.”

ఇద్దరూ చీరలు దోపుకుని బస్తాలు తిప్పడం మొదలుపెట్టారు. ప్రతి బస్తా మీదా ఇంటి గుర్తు ఉంటుంది. ఒకరిది చుక్క, ఒకరిది నిచ్చెన, ఒకరిది పిల్లి అని వాళ్ళు చెప్పుకునేది. పక్కన బస్తా నంబరు. ఒకటి, రెండు, మూడు. వదిన ఒక్కో బస్తానీ తిప్పుతూ షావుకారు వంశాన్ని కిందినుంచి పైకి తిడుతోంది. తాతగారి దగ్గరికి వచ్చేసరికి కాటా అక్క ఆగిపోయింది.

మూలన, గోడ వైపు తిరిగి ఉన్న వరస. వాటి మీద ఇంటి గుర్తు లేదు. నంబర్లు మాత్రం ఉన్నాయి. రెండు. మూడు. నాలుగు. ఒకటి ఎంత వెతికినా లేదు. ఒకటి ఉండాల్సిన బస్తా మీద సిరాతో ఒకే ఒక్క అక్షరం.

‘లా’.

ఆమె గబగబా మిగతావి తిప్పింది. అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది. ఏడు లేదు. దాని బదులు ఒక బస్తా మీద ‘6+1’ అని ఉంది.

“వదినా,” అంది మెల్లగా. “షావుకారు ముత్తాతని వదిలెయ్యి. ఇటు చూడు.”

గింజ కొలిచేటప్పుడు పాతకాలం మనుషులు ఒకటి అని మొదలుపెట్టరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరికి వచ్చేసరికి అందులో ఏడుపు వినపడుతుందని ఆరున్నొకటి అంటారు. నోటితో అందరూ అనేదే. కానీ దాన్ని సిరాతో బస్తా మీదకి మొదట ఎక్కించి, అందరికీ అలవాటు చేసిన మనిషి మాత్రం ఒక్కడే. ఈ సంఘంలో మొదట కాటా పట్టిన బాబాయ్. ఊరందరికీ బాబాయే. కిందటేడు ధర పడినప్పుడు వదినే మీటింగులో లేచి, “లాభం అని రాసుకోడానికి మనకి సిగ్గు లేదూ? ఎక్కడుంది లాభం? ఒకటి అని రాయండి, ఒకటి” అంది. అప్పటి నుంచి ఎవరూ ‘లా’ రాయలేదు. ఆ మాట వినడానికి అప్పటికే బాబాయ్ సంఘంలో లేడు.

“బాబాయా?” అంది వదిన. “నడుంనొప్పి బాబాయా?”

రెండేళ్ళ కిందట బాబాయ్ బస్తాలు వానకి తడిసి బూజు పట్టాయి. నిధి అప్పు మీద ఒప్పుకున్న సరుకు ఆయన వాటాలో తక్కువైంది. ఇంటింటి నుంచీ చాటల్తో గింజలు తెచ్చి పోశారు. ఎవరూ లెక్క అడగలేదు. ఆ తర్వాత వారమే బాబాయ్ నడుం పడిపోయిందని కాటా వదిలేశాడు. పోనీ కుర్చీలో కూర్చుని రాసిపెట్టమన్నారు. అదీ వద్దని సభ్యత్వం కూడా మానుకున్నాడు. అప్పటి నుంచి సైకిల్ షాపు ముందు బెంచీ మీదే ఉంటాడు. పండింది షావుకారుకే అమ్ముకుంటాడు.

కాటా అక్కకి నిన్నటి వానలో ఒక మనిషి గుర్తొచ్చాడు. తలమీద గోనె. ఆగకుండా మోస్తూనే ఉన్నాడు. అందరికీ టీ పోస్తూ అతనికీ గ్లాసు చాచింది. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. నీళ్ళలో జారకుండా మడమ ముందు ఆనించే ఆ నడక ఎక్కడో చూసినట్టు అనిపించింది. అనిపించడం ఏమిటి, ఆ నడక తనకి నేర్పింది ఆయనే. కాటా అంచుకి కాలి వేలు తగలకుండా నిలబడడం, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగపట్టడం, ఎదురుగా ఉన్నది చుట్టమైనా ముల్లునే చూడడం, అన్నీ ఆయన నేర్పినవే. ఆ కాటా మీద వచ్చే జీతంతోనే ఆమె ఇల్లు నిలబడింది.

“ఇంకేం, తేలిపోయింది,” అంది వదిన. “ఆయన సరుకు కొనేది షావుకారు. చేతిలో మనిషి ఉన్నాడు, వాడేసుకున్నాడు.”

“బాబాయ్ అలాంటివాడు కాదు.”

“కాటా నేర్పాడని నీకు ఆయన మీద ఈగ వాలకూడదు.”

“సరే, నేనంటున్నది తప్పే అనుకో. షావుకారు సరుకైతే రాళ్ళూ తాలూ ఉంటాయిగా. చూద్దాం.”

గింజ తీసే గొట్టం తెచ్చి ‘లా’ బస్తాలోకి పొడిచింది. అరచేతిలో పడ్డ గింజల్ని ఇద్దరూ వెలుగులోకి తెచ్చి చూశారు. ఒక్క తాలు గింజ లేదు. విరిగింది లేదు, నల్లది లేదు. ఒక్కొక్కటీ చేత్తో ఏరినట్టుంది.

వదిన ఆ గింజల్ని అటూ ఇటూ జరిపింది. “మన వాటి కన్నా బావున్నాయే, చచ్చినోడా,” అంది. ఎవర్ని అందో తనకే తెలియలేదు. సైకిల్ షాపుకి ఫోన్ చేసి, గోదాములో బస్తాలు ఎక్కువై గొడవగా ఉంది, బాబాయ్ ఉన్నాడా అని అడిగింది. బెంచీ ఇవాళ ఖాళీగా ఉందన్నారు.

బయట కారు ఆగింది. మేడమ్ చెప్పిన టైముకన్నా గంట ముందొచ్చింది.

“ఏమీ చెప్పకు,” అంది వదిన పళ్ళ మధ్య నుంచి. “పలక మీద అంకె దిద్దేస్తాను.”

కాటా అక్క పలక తీసి తన వీపు వెనక పెట్టుకుంది. దిద్దడం నిమిషం పని. తడి గుడ్డ, సుద్దముక్క, అంతే. తర్వాత ఎవరైనా చెబితే? చెప్పకపోయినా, రేపు కాటా ముందు నిలబడినప్పుడు?

నిధి మేడమ్ పొట్టిగా, చెప్పుల్నిండా బురదతో లోపలికొచ్చింది. బస్సులు మార్చి తిరిగే మనిషికి ఇవాళెవరో కారిచ్చారని చెప్పి నవ్వింది. కాటా అక్క ఆమెని కూర్చోమనకముందే చెప్పేసింది.

“మేడమ్, గోదాములో తొమ్మిది బస్తాలు ఎక్కువున్నాయి. అవి మా లెక్కలోవి కావు. నిన్న వానలో వచ్చాయి. ఎక్కడా దాచలేదు, ఆ మూలన ఉన్నాయి.”

వదిన కళ్ళు మూసుకుంది.

మేడమ్ వెళ్ళి ఆ వరస చూసొచ్చింది. ఖాళీ కాటా మీద కూర్చుంది. ముల్లు కదిలి, ఊగి, ఆమె బరువు చూపించి ఆగింది.

“ఈ ఏడు చాలా గోదాములు తిరిగాను,” అంది. “అన్నిచోట్లా తగ్గాయి. ఎక్కడా పెరగలేదు. మీరు దాచినా నాకు తెలిసేది కాదేమో. చెప్పినందుకు సంతోషం. కానీ చెప్పడంతో అవ్వదు. అవి ఎవరివో, ఏ తోటవో, ఆ మనిషి తన నోటితో చెప్పాలి. చెబితే పక్కన పెడతాం, మీ సరుకు మీది. చెప్పకపోతే ఆ తొమ్మిది ఎక్కడివో తెలియనట్టే మిగతావి ఎక్కడివో నేనెలా నమ్మను? వాయిదా ఆపాలి. నా సొంత డబ్బైతే ఇప్పుడే ఇచ్చేదాన్ని.”

“తెలుసు మేడమ్, ఆ టైలరమ్మ డబ్బు,” అంది వదిన నీరసంగా.

ఆ కథ సంఘంలో అందరికీ తెలుసు. కిందటేడు అందరూ ఎక్కడెక్కడి డబ్బూ వెనక్కి లాక్కుంటున్నప్పుడు నిధి తన వాళ్ళని పిలిచి అడిగింది. బస్సు కండక్టర్లు, నర్సులు, అద్దె గదిలో బట్టలు కుట్టే ఒకావిడ. రైతులు ఇప్పుడు తీర్చలేరు, ఏం చేద్దాం అని. ఆ టైలరమ్మే లేచి, “వాళ్ళది తీరాకే నాకివ్వండి, నా మిషను ఇంకా తిరుగుతూనే ఉంది” అందట. ఆ మాట విన్న రోజు నుంచి కాటా అక్క దబ్బనం పట్టుకున్నప్పుడల్లా ఆవిడ గుర్తొస్తుంది. ఎప్పుడూ చూడని మనిషి. ఎక్కడో ఆవిడ కుడుతోంది, ఇక్కడ తను కుడుతోంది.

“మేడమ్, ఆవిడ మన కాఫీ తాగుతుందా?” అని అడిగింది హఠాత్తుగా.

“తాగదు. అడిగాను. టీ అట.”

ముగ్గురికీ నవ్వొచ్చింది, ఆ భయంలోనే.

“గుర్తు పట్టారా, ఎవరి రాతో?” అంది మేడమ్ నవ్వు ఆపి.

వదిన మరదలి వైపు చూసింది.

“రాత తెలుసు,” అంది కాటా అక్క. “ఎందుకు పెట్టాడో తెలియదు. అది తెలియకుండా ఆయన పేరు నా నోటితో చెప్పను. పిలిపిస్తాను, కాస్త టైమివ్వండి.”

“పిలిపించక్కర్లేదు అమ్మడూ.”

గుమ్మంలో బాబాయ్ నిలబడి ఉన్నాడు. చెయ్యి నడుం మీదుంది. “సైకిల్ షాపు వాడు రోడ్డు మీద ఎదురొచ్చి చెప్పాడు. గోదాములో ఏదో గొడవ, నీ మీదకొస్తోందని. తక్కువైతే గొడవ. ఎక్కువైనా గొడవేనా?”

“షావుకారు ఎంతిచ్చాడు బాబాయ్?” అంది వదిన. గొంతులో మర్యాద ఉంది గానీ అది పైపైనే. “మన ముద్ర పోగొట్టడానికి నీకు ఎంతిచ్చాడు?”

బాబాయ్ లోపలికొచ్చాడు. మేడమ్ లేచి చోటిచ్చింది. ఆయన కూర్చోలేదు. కాటా పక్కనే, దాని అంచుకి కాలి వేలు తగలకుండా నిలబడ్డాడు.

“ఇచ్చాడమ్మా. షావుకారు ఇచ్చాడు. నిన్న కాదు, రెండేళ్ళ కిందట. ఆ ఏడు నా బస్తాలు తడవలేదు. తొమ్మిది బస్తాలు. ఈ మేడమ్ వాళ్ళ అడ్వాన్సు తీసుకున్నాను, దాంతోనే ఎరువు వేశాను, కోత కోయించాను. గింజ ఎండాక షావుకారు మీకన్నా నాలుగు రూకలు ఎక్కువిస్తానన్నాడు. అమ్మేశాను. పాత తాలు గింజలు సంచులకెత్తి, నీళ్ళు కొట్టి, బూజు పట్టేదాకా ఉంచి మీకు చూపించాను. తిడతారనుకున్నాను. తిట్టుంటే బావుండేది. తిట్లు తినేసి ఇంటికి పోయేవాణ్ణి. అమ్మడూ, ముందు నువ్వొచ్చావు చాట పట్టుకుని. నీ వెనక ఇంకొకరు. వాగు ఒడ్డున ముసలావిడ ఉందే, ఆవిడ కొంగులో మూట కట్టుకొచ్చి, ‘మా ఇంట్లో ఇంతే ఉంది నాయనా, ఏమనుకోకు’ అంది. నన్ను ఏమనుకోవద్దంది. నన్ను. మర్నాడు కాటా ఎదురుగా నిలబడితే ముల్లు ఆగినట్టే కనపడలేదు నాకు. అందుకే నడుమన్నాను. ఈ ఏడు షావుకారు సగం రేటుకి అడిగాడు, అందుకని ఇక్కడికి తెచ్చాననుకోకండి. ఇంకొకడు దానికన్నా పైన ఇస్తానన్నాడు, ఇవ్వనన్నాను. ఆ టైలరమ్మ సంగతి ప్రెసిడెంటమ్మ పక్కనున్న టీ కొట్టు దగ్గర చెబుతుంటే బెంచీ మీద నుంచి విన్నాను. చూడని మనిషి ఆగింది, చూసినవాళ్ళు చాటలు తెచ్చారు, మధ్యలో నేనేం చేశాను? ఒక్కో గింజా ఏరాను. చెప్పి ఇవ్వాలంటే అంతా చెప్పాలి, ఆ ధైర్యం లేకపోయింది. చీకటి పడ్డాక గుమ్మంలో దింపి పోదామని బండి మీద తెస్తే వాన పట్టుకుంది, వానలో మొహం కనపడదు కదా, కలిపేసి పోదామనుకున్నాను. ఎక్కువుంటే సంతోషిస్తారనుకున్నాను. అన్నేళ్ళు కాటా పట్టినవాడి తెలివి ఇదీ. లాభం అనకుండా ఈ చెయ్యి మొదలుపెట్టదు, అదొకటి. రాసుకోండి మేడమ్, అవి నావి. వాగు అవతల, రెండు పనస చెట్ల మధ్య ముక్కలో పండినవి. షావుకారుకి వాటితో సంబంధం లేదు. ముద్ర లేకుండానే పక్కన పెట్టి అమ్మండి. వచ్చింది చాట తెచ్చిన ప్రతి ఇంటికీ పంచండి, ముందు ఆ ముసలావిడకి. ఎందుకిస్తున్నామో కూడా చెప్పండి, దాచకండి. మీ అందరికీ దణ్ణం, ఆ రోజు లెక్క అడగనందుకు. అమ్మడూ, ఇక తూకం వేసుకో. బస్తా ఎత్తమని మాత్రం నన్నడక్కు. రెండేళ్ళు అబద్ధం చెప్పాను గానీ, నిన్న తొమ్మిది మోశాక ఇవాళ నడుం నిజంగానే పట్టేసింది.”